ప్లాస్మా (కరెంటు పారే స్థితికి వచ్చిన గ్యాస్) పరిశోధనకిచ్చే గ్రాంటు పెద్ద ల్యాబులకేనా, మన డెల్టా కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లకూ ఇవ్వాలా?

తణుకు:
సూటిగా చెప్తున్నా, ఏమనుకోకండి. ప్లాస్మాకి గుజరాత్ గాంధీనగర్‌లో ఐపీఆర్ అనే పరిశోధన సంస్థ ఉంది, డబ్బు అక్కడ పెడితే పని జరుగుతుంది. మన కాలేజీలకిస్తే మిషన్ కొంటారు, ఏడాదిలో పాడవుతుంది, బాగుచేసేవాడు దొరక్క గుడ్డ కప్పి మూల పెడతారు.

భీమవరం లెక్చరర్:
గుడ్డ కప్పిన మిషన్ మాట నిజమే అన్నగారూ, నేను పనిచేసిన చోటే చూశాను. కానీ మీరనుకునేది కోట్ల డిగ్రీల ఫ్యూజన్, అంటే అణువుల కేంద్రకాల్ని కలిపి శక్తి తీసే పని. మాది లో-టెంపరేచర్ ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్ల వేడి పది వేల డిగ్రీలు దాటినా చుట్టూ ఉన్న గ్యాస్ మాత్రం చల్లగానే ఉంటుంది, ట్యూబ్‌లైట్‌లో ఉన్నదీ ఈ రకమే. రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో గాజు, హై వోల్టేజ్ ఉంటే మొదలుపెట్టొచ్చు, సీమెన్స్ 1857లోనే ఓజోన్‌ని ఇలా తయారుచేశాడు. ఖర్చంతా కొలతలది. నానోసెకన్లలో వచ్చిపోయే మెరుపుని పట్టుకోవాలంటే కరెంటు మార్పుల్ని గీసి చూపే మంచి ఆసిల్లోస్కోప్, వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉండాలి.

ఇదివరకు కేంద్రం పరిశోధనలకి డబ్బిచ్చే సంస్థ సెర్బ్, దాని స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకు 30 లక్షలు, ఇప్పుడు దాని చోట వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్లకు 60 లక్షల దాకా. మొత్తం పెరిగింది, సంతోషం. నా బాధ గడువు గురించి. ప్లాస్మా తగిలించిన విత్తనం బాగా మొలుస్తోందని ల్యాబుల్లో చాలాసార్లు చూశారు, మన వరిచేలో ఆ తేడా నిలుస్తుందా అన్నది తేలాలంటే సార్వా, దాళ్వా రెండూ కనీసం మూడేళ్లు చూడాలి. టెండర్లు, సామాను రావడం, స్కాలర్ని పెట్టుకోవడంలోనే మొదటి ఏడాది పోతే ఇంక పంటకి మిగిలేదెంత? యువ శాస్త్రవేత్తలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కి ఐదేళ్లు ఇస్తున్నారు కదా, ఇక్కడా ఇవ్వాలి, రిపేర్లకి విడిగా కొంత పక్కన పెట్టాలి.

ఉండి, రొయ్యల రైతు:
నాకు ఫిజిక్స్ తెలీదండి. చెరువులో వైట్‌స్పాట్ వైరస్ జబ్బు పడితే పెట్టుబడి మొత్తం పోతుందని తెలుసు. ప్లాస్మాతో నీళ్లు శుద్ధి చెయ్యొచ్చంటారు, ఎకరం చెరువుకి కరెంటు ఎంత కాలుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లెక్క మా గట్టు మీద తేలాలి గానీ గాంధీనగర్‌లో ఎలా తేలుతుంది?

తణుకు:
సరే, రిపేర్ల డబ్బు విడిగా ఉంటే నా అభ్యంతరం సగం పోయింది. ఐదేళ్లూ అయ్యాక మొలకలో తేడా లేదంటే?

భీమవరం లెక్చరర్:
లేదనే రాస్తాం. ఆ మిషన్ కొనమని రైతు దగ్గరికి ఎవరైనా వస్తే ఆ కాగితమే చూపించొచ్చు.