సుతేనా, సుత్తేనా? ఒక త-ఒత్తు సందేహం

నీలికలువ:
ఎరుకను నిలపడం గురించి బుద్ధుడు పాళీలో చేసిన బోధ సతిపట్ఠాన సుత్తంలో నడక, తిండి, మాట, మౌనం అన్నిటినీ సాధనలోకి లాగే భాగం ఉంది కదా. దాని చివరి తునక రెండు రోజులుగా నోట్లో నానుతోంది: "గతే ఠితే నిసిన్నే సుతే జాగరితే భాసితే తుణ్హీభావే సంపజానకారీ హోతి" (నడకలో, నిలవడంలో, కూర్చోవడంలో, ..., మెలకువలో, మాటలో, మౌనంలో ఎరుకతో మెలుగుతాడు). ఆ నాలుగో మాట సుతేనా, సుత్తేనా? సుతే అయితే వినడం, పేచీ లేదు. సుత్తే అయితే నిద్ర. నిద్రలో ఎరుక ఎలా కుదురుతుంది?

ఒత్తులబడి:
ఒత్తు ఉంది. సుప్త సుత్త అయింది, తప్త తత్త అయినట్టే. శ్రుత మాత్రం సుత. మీకు ఒత్తు జారిపోయింది బాహియుడనే సాధకుడికి బుద్ధుడు చేసిన బోధ (చూసినదాంట్లో చూసినదే, విన్నదాంట్లో విన్నదే ఉండాలని) వల్ల అయ్యుంటుంది: "దిట్ఠే దిట్ఠమత్తం భవిస్సతి, సుతే సుతమత్తం భవిస్సతి". అదీ సప్తమీ విభక్తే, అదీ ఎరుక గురించే, అందుకే రెండూ కలిసిపోతాయి. పైగా ఇక్కడి వరస చూడండి. మాట పక్కన మౌనం ఉన్నట్టే మెలకువ పక్కన నిద్ర ఉంది. వినికిడికి అక్కడ చోటు లేదు.

యామిని:
ఒత్తు తేలింది సరే, అర్థం తేలలేదు. ఇంతకు ముందు ఇరియాపథ (ఒంటి భంగిమల) భాగంలోనే "సయానో వా సయానోమ్హీతి పజానాతి" అని పడుకోవడం అయిపోయింది. మళ్ళీ ఇక్కడ సుత్త అన్నారంటే ఒట్టి పడక కాదు. నిద్రలోకి జారే అంచు అని నా నమ్మకం. సతి (ఎరుక, స్మృతి) తప్పి నిద్రపోతే కలిగే ఐదు చేట్లు భిక్షువుల నియమాల సంపుటి వినయపిటకంలో చెప్పినచోట (సుఖంగా నిద్రపట్టదు, సుఖంగా మెలకువ రాదు, పీడకలలు వస్తాయి వగైరా) వాడిన క్రియ ఓక్కమ, అంటే అవక్రమ, లోపలికి దిగడం. ఎరుక ఉండాల్సింది ఆ దిగేచోట.

ఆచరణ కూడా దీనికే సాక్ష్యం. నడిజామున కుడిపక్కకు ఒత్తిగిలి, పాదం మీద పాదం కాస్త జరిపి పెట్టి, లేవాలన్న తలపును (ఉట్ఠానసఞ్ఞ) మనసులో నిలుపుకుని పడుకోమన్నారు. తర్వాత ఒంటి బరువు పరుపుకు ఆనే చోట్లు భుజం, తుంటి, మోకాలు ఒక్కొక్కటే తెలుసుకోవాలి. చివరికి ఊపిరి. చాలామంది ఇక్కడే తప్పుతారు. కూర్చుని చేసేటప్పటి పట్టుతోనే ఊపిరిని వెంటాడతారు, విరియం (ప్రయత్నం) ఎక్కువై నిద్ర ఎగిరిపోతుంది. అప్పుడు ముక్కు కొసను వదిలేసి ఎరుకను ఒళ్ళంతా పరచాలి. ఊపిరికి పొట్ట కదిలినప్పుడల్లా "ఉబ్బుతోంది, అణుగుతోంది" అని పేరు పెట్టే అలవాటున్నవారు ఆ పేర్లు కూడా మానాలి.

ఒత్తులబడి:
ఆచరణ బాగుంది యామిని గారూ, వ్యాకరణం ఒప్పుకోదు. గతే, ఠితే, భాసితే అన్నీ భావార్థంలో, అంటే ఆ పనినే చెప్పేలా వచ్చిన క్త ప్రత్యయాలు (చివర త చేరిన రూపాలు). భాసితే అంటే మాటలో, మాట్లాడబోతూ కాదు. ఆ లెక్కన సుత్తే నిద్రలోనే, అంచులో కాదు. సుత్తం మీది పాత వ్యాఖ్యానం, అట్ఠకథ, ఈ చిక్కును వెనక నుంచి విప్పింది: లేచాక "పడుకున్నప్పుడు నడిచిన నామరూపాలు (మనసు, ఒళ్ళు) అక్కడే ఆగిపోయాయి" అని చూసుకునేవాడే సుత్తే జాగరితే సంపజానకారి. కాబట్టి సాధన చేయాల్సింది పొద్దున. కళ్ళు తెరిచాక చెయ్యి కదపకముందే మొదట తెలిసింది లోపలికి వచ్చే ఊపిరా, బయటికి పోయేదా చూడాలి. ఆనాటి పనుల జాబితా ముందు తోసుకొచ్చిందంటే ఆ ఘడియ దాటిపోయినట్టే. మళ్ళీ వెనక్కి తవ్వకుండా, లేచి కూర్చోవడం నుంచి మొదలుపెట్టాలి.

ప్రాసప్రియ:
ఇంత దూరం వచ్చి భాగవతంలో ప్రహ్లాదుడి మీద పోతన చెప్పిన పద్యాన్ని తలుచుకోకపోతే ఎలా?

పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్ హాసలీ
లానిద్రాదులు సేయుచుం దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణపాదపద్మయుగళీచింతామృతాస్వాదసం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

తాగడం, తినడం, మాట, నవ్వు, నిద్ర, నడక, చూపు. సుత్తంలో ఉన్న జాబితాయే ఇది! అంచు అనలేదు, "నిద్ర సేయుచున్" అన్నాడు.

శార్దూలం:
ఆ నిద్ర మీద అంత బరువు పెట్టకండి. సంస్కృత భాగవత మూలంలో ఉన్నది "శయానః", అంటే పడుకుని. రెండో అక్షరం న-కారం కావాలి కనుక "లాని" పడింది. ప్రాస తెచ్చిన నిద్ర అది.

ప్రాసప్రియ:
ప్రాసే కావాలంటే "లీలానాట్యాదులు" అన్నా సరిపోయేది. మ-గణం చెడదు, న-కారం పోదు. నిద్రను కోరి ఎంచుకున్నాడు. అదీ ఎక్కడ పెట్టాడో చూడండి, నవ్వుకు, ఆటకు పక్కన. హాసలీ దగ్గర పాదం విరిగి, లా దీర్ఘం మీద ఊగి నిద్రలోకి వాలుతుంది. చిన్నపిల్లవాడు ఆడుతూ ఆడుతూ పడి నిద్రపోవడం ఆ విరుపులోనే వినిపిస్తుంది. శబ్దంతో ఇంత పని చేసే కవిని ప్రాస ఈడ్చుకుపోయిందంటే నేను ఒప్పుకోను.

శార్దూలం:
విరుపు సంగతి ఒప్పుకుంటాను, నేనూ అక్కడ ఆగకుండా ఎప్పుడూ చదవలేదు. కానీ "నిద్రాదులు"లో ఆదులు ఏవి? ఆ "ఆది"కి జవాబు చెప్పండి.

యామిని:
అసలు పోలికే తలకిందులైంది. మూలశ్లోకం రెండో సగం "నానుసంధత్త ఏతాని గోవిందపరిరంభితః". కూర్చోవడం, తినడం, పడుకోవడం, వీటిలో దేనిమీదా అతని ధ్యాస లేదు. తెలుగులో కూడా "మఱచెన్". సంధానం పాదపద్మాలతో, మరుపు విశ్వంతో. సుత్తం అడిగేది దీనికి సరిగ్గా ఎదురు. చేస్తున్న పనే ఆలంబనం, ధ్యాస నిలిపే చోటు.

తిండి దగ్గర తేడా బాగా తెలుస్తుంది. "అసితే పీతే ఖాయితే సాయితే" అని నాలుగు విడివిడి మాటలు వాడారు: తినడం, తాగడం, నమలడం, రుచి చూడడం. నోట్లోది నములుతుండగానే చెయ్యి తర్వాతి ముద్ద కలిపేస్తుంది, మనసు చేతి వెంట పోతుంది, రుచి తెలియకుండానే గొంతు దిగుతుంది. ముద్ద మింగేదాకా చెయ్యి కదలకుండా ఉంచితే ఖాయితం ఎక్కడ ఆగి సాయితం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. భోజనమంతా అలా చేయబోతే బిగుసుకుపోతారు. మొదటి మూడు ముద్దలు చాలు. ప్రహ్లాదుడికి ఈ ముద్దతో పనే లేదు.

ప్రాసప్రియ:
పనిలేదంటే ఎలా? "ఆస్వాద" అన్నాడుగా. చింతను అమృతం చేసి రుచి చూపించాడు. ఆ మాట మూలంలో లేదు, పూర్తిగా పోతనదే.

నీలికలువ:
ఆస్వాదంలోని స్వాదమే సాయితం అయిందా? అయితే సాయితే, సయానో రెండిటికీ తేడా ఆ దీర్ఘమేనా? ఇన్నాళ్ళూ నేను "సాయితే"ని పడుకోవడమనుకుని చదివాను.

ఒత్తులబడి:
స్వదించడమే, స్వ లోని వ-కారం పోయింది. సయానో శీ ధాతువు, ఇటు చుట్టం కాదు. శార్దూలం గారూ, "ఆదులు" సంగతి: "లీలా" ముందే వచ్చేసింది కనుక మిగిలింది ఆవులింతే అని నా ఊహ.