తొమ్మిది నెలల బాబుతో గుంటూరు వెళ్తున్నాం, ఏ టీకాలు వేయించాలి?

అందరికీ నమస్కారమండి. మేము డాలస్ వచ్చి ఏడాదిన్నర అయింది, బాబు ఇక్కడే పుట్టాడు. జూలైలో గుంటూరు వెళ్తున్నాం, అప్పటికి వాడికి తొమ్మిది నెలలు. డాక్టర్ దగ్గర "అన్నీ షెడ్యూలు ప్రకారమే పడ్డాయి" అన్నారు. మా అత్తగారేమో మనమంతా అక్కడే పెరిగాం కదా, ఇంకేం అక్కర్లేదంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

నమస్కారమండి. షెడ్యూలు సరిగ్గా ఉందంటే ఇక్కడే ఉండే బాబుకి సరిపోతుంది, ఇండియా వెళ్లే బాబుకి చాలదు. ఇక్కడ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) మొదటి డోసు ఏడాది నిండాకే వేస్తారు కాబట్టి మీవాడికి తట్టు టీకా ఇంకా పడి ఉండదు. అదే గుంటూరులో పుట్టి ఉంటే తొమ్మిది నెలలు నిండగానే వేసేవారు, ఈ మాట మీ అత్తగారికి చెప్పండి, ఇట్టే ఒప్పుకుంటారు. విదేశాలకు వెళ్లే పిల్లలకు ఆరు నెలలు నిండితే ఒక ఎంఎంఆర్ డోసు, ఒక హెపటైటిస్ ఎ డోసు ముందుగానే వేయించమని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఇవి అసలు లెక్కలోకి రావు, ఏడాది నిండాక మామూలు డోసులన్నీ మళ్లీ పడాల్సిందే, అప్పుడు ఎక్కువైపోతున్నాయేమోనని కంగారు పడకండి. రెండూ మామూలు పిల్లల డాక్టర్ దగ్గరే ఉంటాయి. ఫోన్ చేసినప్పుడు ఉత్త చెకప్ అనకుండా బాబు వయసు, ఇండియా ప్రయాణం, టికెట్ తేదీ మూడూ చెప్పండి. నెలా నెలన్నర ముందే వెళ్తే మంచిది.

టైఫాయిడ్ దగ్గరే చిక్కు. ఇక్కడి ఇంజెక్షన్ రెండేళ్లు నిండితే గానీ వేయరు. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం మన వైపు వెళ్లొచ్చిన వాళ్లవే, కాబట్టి మీరిద్దరూ కనీసం రెండు వారాల ముందు తప్పకుండా వేయించుకోండి. బాబుకి పాలపొడి కలిపినా, ఉగ్గు చేసినా మరిగించిన నీళ్లే వాడండి, పెళ్లింట్లో ఎవరో గ్లాసుతో తెచ్చి నోటికందించే నీళ్లు మాత్రం వద్దు. ఎక్కువ నెలలు ఉండేట్టయితే అక్కడ ఆరు నెలల నుంచే వేసే టైఫాయిడ్ టీకా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది, వెళ్లగానే పిల్లల డాక్టర్‌ని అడగండి.

ఎల్లో ఫీవర్ గురించి బెంగ వద్దు, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఆ జ్వరం ఉన్న దేశాల మీదుగా వచ్చేవాళ్లకే ఆ టీకా సర్టిఫికెట్ గొడవ. మలేరియాకి టీకా కాదు, మందు. మీరు ఉండే ఊళ్లు, బాబు బరువు చూసి అవసరమో కాదో డాక్టరే చెబుతారు.

పైన అక్క చెప్పిందంతా కరెక్ట్. నేను కుక్కల గురించి ఒక్కటి చెబుతాను. పసిపిల్లలకు చిన్న గీరుడు పడినా తేలిగ్గా తీసుకోవద్దు, పసుపో కారమో అద్దనివ్వకండి, సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించండి. టీకాల కార్డు ఫోటో తీసి మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి, అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.