తాతయ్య బైండు చేయించిన చందమామలు: విప్పి విడిగా అమ్మాలా, అలాగే ఉంచాలా?

తెనాలి_బుల్లోడు:
అందరికీ నమస్కారం. మా తాతయ్య 1956 నుంచి 1971 దాకా చందమామలు ఆరు నెలలకి ఒకటి చొప్పున బైండు చేయించి పెట్టాడు. మధ్యలో కొన్ని చుట్టాలు పట్టుకెళ్లి తిరిగివ్వలేదు, ఇప్పుడు 19 మిగిలాయి. ఇల్లు అమ్మేస్తున్నాం, వీటికో దారి చూడాలి. పాత పుస్తకాలు కొనే ఒకాయన వచ్చి అటూ ఇటూ తిరగేసి, "బైండు విప్పి ఒక్కో సంచిక విడిగా అమ్మితేనే డబ్బులు, ఇలా అయితే కేజీల లెక్కే" అన్నాడు. మా బావమరిదేమో అమెరికాలో పాత కామిక్స్‌కి గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేస్తారట, అలా చేయిస్తే లక్షల్లో పోతాయి అంటాడు. ఇద్దర్లో ఎవరి మాట వినాలో చెప్పండి.

ఆబిడ్స్_ఆదివారం:
అన్నా, ముందుగాల ఆ కేజీలాయనకు దండం పెట్టి పంపియ్యి. నీ దగ్గర కేజీల లెక్కన కొంటడు, ఇంటికి పోయి తనే విప్పుతడు, వచ్చే ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక్కొక్కటి విడిగా పెడతడు. అయితే ఆయన చెప్పిన దాంట్ల ఒక్కటి నిజం, కొనేటోళ్లు వాల్యూమ్ అడగరు, "నేను పుట్టిన నెలది ఉందా" అంటరు, లేకుంటే చిన్నప్పుడు సగంల ఆగిపోయిన సీరియల్ భాగం అడుగుతరు. దాసరి సుబ్రహ్మణ్యం గారి రాకాసిలోయ, శిథిలాలయం ఉన్న సంచికలంటే చాలు, ఎగబడతరు. నువ్వు ఫస్టు చూడాల్సింది లోపల ముఖచిత్రాలు ఉన్నయా లేవా. శానా మంది బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు అట్టలు తీసేసిన్రు. వడ్డాది పాపయ్య గారి అట్ట లేని సంచికకు సగం ధర కూడ రాదు, నేను చూస్తనే ఉన్న.

స్లాబ్_రాజా:
బ్రో నేను న్యూజెర్సీలో ఉంటా, పదేళ్లుగా కామిక్స్ కొంటున్నా కాబట్టి చెప్తున్నా, మీ బావమరిది పూర్తిగా తప్పేం కాదు. ఇక్కడ సీజీసీ అని ఒక కంపెనీ 2000 నుంచి ఇదే పని చేస్తోంది. 0.5 నుంచి 10 వరకు నంబర్ వేస్తారు, మామూలు పుస్తకానికి నీలం లేబుల్, ఎవరైనా రంగులు దిద్దడం, చిరుగులు అతికించడం లాంటివి చేసుంటే ఊదా లేబుల్. ఊదా వచ్చిందంటే ధర ఢమాల్. అన్నట్టు ఇక్కడి స్కేల్లో "గుడ్" అంటే 2.0, అంటే బాగా నలిగిపోయిందని అర్థం, కొత్తలో నేను గుడ్ అని చూసి కొనేసి లబోదిబోమన్నా 😂 సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన 1938 యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక, 8.5 గ్రేడుది, 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది. అప్పట్లో దాని వెల పది సెంట్లు. డబ్బాలో పెట్టి నంబర్ వేయబట్టే ఇద్దరు తెలియనివాళ్లు చేతికి తీసుకోకుండానే అంత డబ్బు మార్చుకోగలుగుతున్నారు. మన చందమామకి ఎందుకు ఉండకూడదు ఆ గౌరవం?

కుట్టు_బైండు:
గౌరవం సంగతి తర్వాత, అసలు బైండింగ్ అంటే ఏం చేస్తారో చెప్తాను వినండి, మా నాన్నది నలభై ఏళ్లు అదే పని. ఆరు సంచికలు వరసగా పెట్టి తుప్పు పట్టకుండా పిన్నులు పీకేస్తారు, పక్క నుంచి అన్నిటికీ కలిపి రంధ్రాలు పొడిచి దారంతో కుట్టేస్తారు, వీపుకి మైదా బంక పూసి గుడ్డ అంటిస్తారు (బంకలో మైలుతుత్తం కలపని బైండరు దగ్గరికి వెళ్తే రెండేళ్లలో పురుగు పట్టుద్ది, అది వేరే కథ), ఆ తర్వాత అంచులు సమానంగా రావడానికి మూడు పక్కలా కట్ చేస్తారు. అంటే ఇప్పుడు మీరు విప్పితే చేతికొచ్చేది చందమామ కాదు, మూడు పక్కలా తెగి, వీపు చిరిగి, మధ్యలో రంధ్రాలున్న కాగితాలు. అరవై ఏళ్ల నాటి నాసిరకం కాగితం, అంచు పట్టుకుంటే అప్పడంలా విరుగుద్ది. కత్తితో బంక గీకితే అట్ట కూడా ఊడొస్తుంది. వద్దు నాయనా.

స్లాబ్_రాజా:
ఓకే ట్రిమ్మింగ్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. ఇక్కడ అంచులు కత్తిరించినా ఊదా లేబులే. కానీ అన్ని వాల్యూములూ కట్ చేశారని ఏముంది, ఒకసారి చూడమనండి, పేజీ అంచులో అక్షరాలకి దగ్గరగా తెగిందో లేదో తెలిసిపోతుంది కదా. ఇంకో మాట, పేజీలు లెక్కపెట్టుకోండి. నేను 1974 నాటి హల్క్ కామిక్ 181వ సంచిక కొన్నా, వుల్వరిన్ అనే హీరో పూర్తిగా కనిపించిన మొదటి సంచిక అది, ఇంటికొచ్చాక చూస్తే లోపల స్టాంపు బొమ్మ కత్తిరించేసి ఉంది. ఆ రోజుల్లో దాన్ని అచ్చేసే మార్వెల్ కంపెనీ వాళ్లు పుస్తకాల్లో స్టాంపులు వేసి కత్తిరించి అంటించుకోమన్నారు, పిల్లలు కత్తిరించేశారు. అగ్గిపెట్టెంత ముక్క లేనందుకు నా డబ్బులు సగానికి పైగా గోవిందా.

ఆబిడ్స్_ఆదివారం:
మన పిల్లలు స్టాంపు కాదు అన్నా, ఏకంగా సీరియల్ మొత్తం చింపి విడిగా కుట్టుకున్నరు 😀 మా ఇంట్లనే ఉంది అట్లాంటిది. అందుకే నా దృష్టిల మనకు మూడే గ్రేడ్లు: అట్ట ఉంది, అట్ట లేదు, పేజీలు లేవు. పది పాయింట్లు ఎందుకు?

లైబ్రరీ_అక్క:
అందరూ అమ్మకం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను అడ్డం వస్తున్నాను. తమ్ముడూ, విప్పొద్దు. కథలు పోతాయని కాదు, పాత చందమామల స్కాన్లు నెట్‌లో దొరుకుతున్నాయి. కానీ ఒకే ఇంట్లో ఒకే మనిషి ఏళ్ల తరబడి వరసగా దాచిన సెట్టు వేరు. ప్రకటనలు, అట్ట లోపలి పేజీలు, 1952 నుంచి సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో పత్రిక ఏడాదికేడాది ఎలా మారిందో, చిత్రా గారి బొమ్మ పక్కన శంకర్ గారి బొమ్మ ఎలా నడిచిందో వరసగా పేజీ తిప్పుతూనే తెలుస్తుంది. విడగొడితే ఒకటి బెంగళూరుకి, ఒకటి డాలస్‌కి పోతుంది, మళ్లీ కలవవు. ఇంక దయచేసి ఎవరూ సెల్లోటేప్ వేయకండి, ఆ జిగురు మరకకి మందు లేదు.

స్లాబ్_రాజా:
అక్కా మీ మాట మీద గౌరవమే, కానీ డాలస్‌లో ఉన్నవాడు దాన్ని ఏసీ గదిలో పెట్టి చూసుకుంటాడు, మన ఊళ్లలో వానాకాలంలో అటక మీద చెదలు తింటున్నాయి. విడగొట్టినందువల్ల బతికిన పుస్తకాలు కూడా ఉన్నాయి. ధర ఉంటేనే జనం జాగ్రత్త చేస్తారు, ధర లేనిదాన్ని పకోడీల పొట్లం కడతారు, అది మన చరిత్ర.

కుట్టు_బైండు:
పొట్లాల మాట నిజమే, కాదనను. కానీ ఆ 19 వాల్యూములు అటక మీద ఇన్నేళ్లు బతికింది బైండు వల్లే కదా రాజా గారూ. విడి సంచికలైతే ఎప్పుడో పొయ్యిలోకి పోయేవి. ఇంక మీ సీలు డబ్బా నమ్మకం గురించి అంటారా, 2023 చివర్లో అక్కడే ఎవరో డబ్బాలు తెరిచి లోపల తక్కువ రకం పుస్తకాలు పెట్టి మార్చేశారని గొడవ అయింది, నేనూ చదివాను.

స్లాబ్_రాజా:
అయింది, కాదనను. అయినా లక్షల పుస్తకాల్లో కొన్ని అవి. పైగా చందమామకో సుఖం ఉంది, ప్రతి సంచిక మీద నెల, సంవత్సరం ఉంటాయి. అమర్ చిత్ర కథ చూడండి, ఇంగ్లీషులో నంబర్లు 11తో, కృష్ణతో మొదలవుతాయి, అదే కథ ఎన్నిసార్లు వేశారో లెక్కే లేదు, అసలు మొదటి ముద్రణ ఏదో తేల్చడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

ఆబిడ్స్_ఆదివారం:
సరే అన్నా, నెల తెలిసింది, ధర ఎట్ల తెలుస్తది? మీకు అక్కడ ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం 1970 నుంచి వస్తుంది, వేలం పాటల లెక్కలు ఉంటయి. మనకేముంది? అమ్మేటోడు నీ మొహం చూసి చెప్తడు. ఫోన్ల వేలు వేలు రేటు పెట్టినోళ్లను చూసి మోసపోకున్రి, పెట్టిన రేటు వేరు, చేతికొచ్చిన పైసలు వేరు. ఏడాది నుంచి అదే ఫొటో అదే రేటు కనిపిస్తుందంటే ఎవ్వడు కొనలేదని లెక్క. అమెరికా పంపి రప్పిస్తే ఫీజు, ఇన్సూరెన్స్, కస్టమ్స్ కలిపి పుస్తకం కంటె డబ్బానే పిరం అయితది. పైగా సీల్ ఏసినంక చదువుడు బంద్. చందమామను చదవకుండ గోడకు పెట్టుడేంది, నాకైతే సమజ్ కాదు.

తెనాలి_బుల్లోడు:
ఆలస్యానికి సారీ, ఆదివారం అంతా కూర్చుని అన్నీ కిందకి దింపి చూశాను. 19లో 14 వాల్యూములు మూడు పక్కలా కట్ చేసినవే, కొన్నిట్లో పేజీ నంబర్లు కూడా సగం తెగాయి. అట్టలు మాత్రం దాదాపు అన్నీ ఉన్నాయి, తాతయ్య బైండరుతో పోట్లాడి ఉంచేవాడట, అమ్మ చెప్పింది. మిగతా 5 కట్ చేయలేదు, కుట్టు ఒక్కటే.

ఇంకోటి. 1963 వాల్యూములో ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలన్నిటి పక్కన పెన్సిల్‌తో వ్యాఖ్యలు రాసి కొట్టేసి మళ్లీ రాసి ఉన్నాయి.

స్లాబ్_రాజా:
లోపల రాతలుంటే గ్రేడు తగ్గుద్ది బ్రో, ముందే చెప్తున్నా. ఎరేజర్‌తో తుడవొద్దు, అది ఇంకా ఘోరం.

తెనాలి_బుల్లోడు:
తుడవనండీ. అది మా పెద్దత్తయ్య రాత. నిన్న ఫోన్ చేసి అడిగితే, "ప్రతి నెలా కార్డు పంపేదాన్ని, ఒక్కసారి నా వ్యాఖ్య అచ్చయింది, పేరు కూడా వేశారు, ఆ పుస్తకం ఎదురింటివాళ్లు చదివి ఇచ్చేస్తామని పట్టుకెళ్లి ఇవ్వలేదు" అంది. 1963 మొదటి ఆరు నెలలవి ఉన్నాయి, రెండో సగం వాల్యూమ్ మా దగ్గర లేదు, అత్తయ్య చెప్పింది అదే అయ్యుండాలి. కట్ చేయని 5 సంగతి ఇంకా తేల్చుకోలేదు, మిగతావి తమ్ముడి ఇంటికి పంపేస్తున్నా, అమ్మట్లేదు. 1963 జులై నుంచి డిసెంబర్ దాకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా? అట్ట లేకపోయినా పర్లేదు, ఆ పోటీ పేజీ ఉంటే చాలు, రేటు మీరే చెప్పండి.

ఆబిడ్స్_ఆదివారం:
మొహం చూడకుండ రేటు ఎట్ల చెప్పాలె 😂 అక్టోబర్‌ది నా దగ్గర ఉన్నట్టు గుర్తు, రాత్రి తీసి చూస్త. అత్తయ్య గారి పేరు విడిగా మెసేజ్ పెట్టు.