ఉప్పు నీళ్ళల్లో కరిగితే భౌతిక మార్పా, రసాయన మార్పా? రెండు మార్కుల గొడవ, కాస్త తేల్చండి

ఒంగోలు_నాన్న:
అందరికీ నమస్తే. మా పాప ఏడో క్లాసు. మొన్న యూనిట్ టెస్టులో కొన్ని మార్పులు ఇచ్చి ఏది భౌతికం ఏది రసాయనం, కారణం రాయండి అన్నారు, అందులో "ఉప్పు నీటిలో కరుగుట" ఒకటి. మాది రసాయన మార్పు అని రాసి, ఉప్పు సోడియం అయాన్లు క్లోరైడ్ అయాన్లుగా విడిపోవును అని కారణం కూడా రాసొచ్చింది. రెండుకి సున్నా. ఏడో క్లాసు పిల్లకి అయాన్లెక్కడివి అంటే వాళ్ళన్నయ్య ఇంటర్ ఎంపీసీ, పరీక్ష ముందు రోజు రాత్రి వాడు చెప్పాట్ట. ఇప్పుడు ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఒక పార్టీ, వాళ్ళమ్మ టీచర్ పార్టీ, నేను బీకాం, నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. స్కూలు పేరు అడక్కండి, టీచర్ మంచావిడే, గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు. ఏది రైటో తెలిస్తే చాలు.

కీ_మాస్టర్:
భౌతిక మార్పు అండి. ఇందులో డౌటే లేదు. నీళ్ళు మరిగిస్తే ఉప్పు తిరిగొచ్చేస్తుంది, కొత్త పదార్థం ఏమీ ఏర్పడలేదు. డీఎస్సీకి నాలుగేళ్ళ నుంచి చదువుతున్నా, ఏ బిట్ బ్యాంకు తీసినా ఇదే. పాపకి సున్నా రైటే, సారీ.

ల్యాబ్_కోటు:
కీ_మాస్టర్ గారూ, బిట్ బ్యాంకులో ఉందని ఉప్పు మీ మాట వినదు కదండి. ఘనరూపంలో ఉప్పులో ఒక్కో సోడియం అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం, అలా పేర్చినట్టు ఉంటాయి, వాటిని పట్టి ఉంచేదే అయానిక బంధం. నీళ్ళల్లో పడ్డాక ఆ పేర్పు మొత్తం పోయి ఒక్కో అయాను చుట్టూ నీటి అణువులు చేరతాయి. ఒక మోల్ ఉప్పు, అంటే 58.5 గ్రాములు, ఆ అయాన్లని పూర్తిగా విడగొట్టాలంటే 787 కిలోజౌళ్ళు కావాలి. అదే ఒక మోల్ నీళ్ళు మరిగి ఆవిరవ్వడానికి 41 చాలు. ఇంత బలమైన బంధం తెగితే అది "రూపం మాత్రమే మారింది" అంటే ఎలా? పాప రాసిన కారణంలో ఒక్క అక్షరం తప్పులేదు. నేనైతే రెండుకి రెండు వేసి పక్కన స్టార్ పెట్టేవాడిని.

కీ_మాస్టర్:
787 అన్నారు బానే ఉంది, మరి అంత శక్తి ఎక్కడినుంచొచ్చింది? గ్లాసులో ఉప్పు వేసి కలిపితే గ్లాసేమీ గడ్డకట్టట్లేదే. నీళ్ళు ఆ అయాన్లని చుట్టుకున్నప్పుడు దాదాపు అంతా తిరిగిచ్చేస్తుంది, చివరికి తేడా 4 కిలోజౌళ్ళు కూడా ఉండదు. సగం లెక్క చెప్పి భయపెట్టకండి సార్. ఇంకోటి, పంచదార కరిగితే ఏమంటారు?

ల్యాబ్_కోటు:
పంచదార భౌతికమే. అణువు అణువులాగే ఉంటుంది. లెక్క విషయంలో మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నా.

కీ_మాస్టర్:
అంటే ఏడో క్లాసు పిల్లకి ఒక గ్లాసులో ఉప్పు ఇంకో గ్లాసులో పంచదార ఇచ్చి, రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండూ కరిగాయి, రెండూ మరిగిస్తే తిరిగొచ్చాయి, అయినా రెంటికీ వేరే వేరే జవాబు రాయమంటారు. బావుంది.

ఉప్పుమడి_నౌపడ:
ఉప్పు మాట వచ్చింది కాబట్టి మా ఇంటి మాట చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ పక్కన, తాతల నుంచి ఉప్పు మడుల్లోనే బతుకు. ఉప్పునీళ్ళు ఒక మడి నించి ఇంకో మడికి వదులుతూ ఎండబెడతాం, నీళ్ళ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచి డిగ్రీలు చూస్తాం. సముద్రం నీళ్ళు 3 దగ్గరుంటాయి, 25 దాటాకే ఉప్పు పడ్డం మొదలవుద్ది. దానికంటే ముందే సున్నప్పొర, తర్వాత జిప్సం అడుగున పట్టేస్తాయి. 29, 30 వచ్చేసరికి మిగిలిన నీళ్ళు బయటికి వదిలేయాలి, అది చేదు, మెగ్నీషియం ఉంటుంది, అది ఉప్పులో కలిసిపోతే వానాకాలం బస్తాలు చెమ్మగిల్లిపోతాయి. ఇక్కడ ఎవరూ మందూ మాకూ వెయ్యలేదు, ఎండా గాలీ అంతే. ఇందులో రసాయనం ఎక్కడుంది? సముద్రం ఒక మిశ్రమం, ఒక్కోటి ఒక్కో టైముకి విడిపోతుంది, అంతే. ఓటు భౌతికానికే.

ల్యాబ్_కోటు:
అన్నా, మీరు చెప్పిందే నాకు బెస్ట్ సాక్ష్యం. సముద్రంలో జిప్సం అని ఎవరూ వెయ్యలేదు. ఏదో రాయి నుంచి కాల్షియం వచ్చింది, ఇంకెక్కడినుంచో సల్ఫేట్ వచ్చింది, రెండూ నీళ్ళల్లో విడివిడిగా తిరుగుతున్నాయి, మీ మడిలో నీళ్ళు చిక్కబడ్డాక జత కట్టాయి. అంతకుముందు ఆ నీళ్ళల్లో "జిప్సం ఉంది" అనే మాటకి అర్థమే లేదు. ఇంకా సూటిగా చెప్తా. సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ (పొలానికి వేసే పొటాషే) రెండూ వేడినీళ్ళల్లో కరిగించి చల్లారిస్తే ముందు బయటికొచ్చేది పొటాషియం నైట్రేట్, మన సూరేకారం. వేసింది ఒకటి వచ్చింది ఇంకొకటి. సూరేకారం ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో తయారుచేసిన పద్ధతే ఇది. మరి కరిగించినప్పుడు భౌతికం, చల్లార్చినప్పుడు భౌతికం, మధ్యలో కొత్త పదార్థం ఎలా పుట్టింది కీ_మాస్టర్ గారూ?

కౌలు_రైతు:
యూరియా గురించి ఎవరూ మాట్లాడలేదేంటి. పిచికారీకి డ్రమ్ములో యూరియా వేసి కలిపితే బయట చెమట పట్టేంత చల్లగా అయిపోద్ది, ఎండాకాలం చేతులు అందులోనే పెట్టుకోవాలనిపిస్తది. మా వాడి పుస్తకంలో వేడి పుట్టినా చల్లబడినా రసాయన మార్పుకి గుర్తు అని ఉంది. మరి యూరియా కరగడం రసాయన మార్పా?

ల్యాబ్_కోటు:
కాదు రైతన్నా, యూరియా అణువు పంచదారలాగే ముక్క కాకుండా కరుగుతుంది. చల్లబడటం ఉప్పు కంటే చాలా ఎక్కువ, అయినా దాన్ని ఎవరూ రసాయన మార్పు అనరు. ఆ "గుర్తులు" అన్నీ పోలీసు డాగ్ వాసన లాంటివి, అనుమానానికి పనికొస్తాయి, శిక్ష వెయ్యడానికి కాదు.

వంటింటి_అత్త:
నాకు మోల్సూ జౌల్సూ తెలీవు కానీ ఒకటి అడుగుతా. కొత్తజంటకి దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్ళు కలుపుతాం కదా, పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు వేసి చిటికెడు సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది. అందులో నిమ్మకాయ పిండండి, మళ్ళీ పసుప్పచ్చ. మళ్ళీ సున్నం వేస్తే మళ్ళీ ఎరుపు. మా మనవడికి చూపిస్తే మ్యాజిక్ అని గంటసేపు కూర్చున్నాడు. తిరిగొస్తే భౌతికం అంటున్నారుగా, ఇది కూడా భౌతికమేనా?

కీ_మాస్టర్:
అది రసాయన మార్పే అండి, పసుపు సూచిక, అంటే ఆమ్లమా క్షారమా అన్నది రంగు మారి చెప్పేది. పుస్తకంలోనే ఉంది.

వంటింటి_అత్త:
మరి తిరిగొచ్చింది కదా నాయనా.

కీ_మాస్టర్:
...పాయింటే.

పాత_పలక:
పెద్దమనిషి అడగాల్సిన ప్రశ్న అడిగారు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను, ఈ ఉప్పు గొడవ ప్రతి బ్యాచ్‌లోనూ ఒక్క పిల్లాడైనా తెచ్చేవాడు, వాడిని నేను కూర్చోబెట్టేసిన రోజులు కూడా ఉన్నాయి, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. "తిరిగి రాబట్టగలిగితే భౌతికం" అన్న సూత్రం ఎంత కుంటిదో చూడాలంటే సున్నం చాలు. సున్నపురాయి బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రాతిసున్నం, దాన్ని తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి పొగలు కక్కి తడిసున్నం, దాన్ని గోడకి వేస్తే గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెలల మీద మళ్ళీ సున్నపురాయే. బయల్దేరిన చోటికే వచ్చింది, కానీ దారిలో మూడడుగులూ రసాయన మార్పులే. మైలుతుత్తం తీసుకోండి, నీలం గడ్డని వేడి చేస్తే తెల్ల పొడి, చుక్క నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. రెండో వైపు నుంచి చూస్తే, కాగితం చింపితే అతికించలేం, గాజు పగిలితే మళ్ళీ అదే గ్లాసు కాదు, అయినా అవి భౌతికమే. కాబట్టి తిరిగి రావడం అనేది కొలబద్ద కాదు, ఏడో క్లాసు పిల్లలకి చేతికిచ్చిన ఊతకర్ర, నడక వచ్చాక పారెయ్యాలి, మనం పారెయ్యమని చెప్పడం మర్చిపోయాం.

ఇంక ఈ గొడవ మీ ఇంట్లో మొదలయింది కాదు ఒంగోలు నాన్నగారూ. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్తలు ఇద్దరు మహామహులు, బెర్తొలే, ప్రూస్ట్, ఇదే మీద ఏళ్ళ తరబడి కాగితాల మీద కొట్టుకున్నారు. ప్రూస్ట్ అప్పుడు స్పెయిన్‌లో పని చేస్తున్నాడు, 1799లో కాపర్ కార్బొనేట్ మీద పనిచేసి చూపించాడు, గనిలో దొరికినా గాజు పాత్రలో చేసినా దాంట్లో పాళ్ళు ఒక్కటే అని. బెర్తొలే అంతకుముందు ఏడాది నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్ళి అక్కడి సోడా సరస్సుల దగ్గర ఉప్పూ సున్నపురాయీ కలిసి సోడా ఏర్పడటం చూసొచ్చినవాడు, ఎంత పరిమాణంలో ఉంటే అంతలా కలుస్తాయి, పాళ్ళు మారతాయి అని వాదించాడు, సాక్ష్యంగా ఏం చూపించాడో తెలుసా, లోహాల మిశ్రమాలు, ద్రావణాలు. ప్రూస్ట్ ఏమో అవి సంయోగ పదార్థాలే కావు, వాటిని లెక్కలోకి తీసుకోకు అన్నాడు. అంటే ఉప్పునీళ్ళు సంయోగ పదార్థమా మిశ్రమమా అన్నదే అసలు తగవు. ప్రూస్ట్ గెలిచాడు కాబట్టి పాళ్ళు స్థిరంగా ఉంటే సంయోగ పదార్థం, మారితే మిశ్రమం అన్న గీత మనకొచ్చింది. 100 మిల్లీలీటర్ల నీళ్ళల్లో చిటికెడు ఉప్పయినా వెయ్యొచ్చు, 36 గ్రాముల దాకా ఎంతైనా వెయ్యొచ్చు, ఎంత వేసినా అది ఉప్పునీళ్ళే, అందుకే అది మిశ్రమం. మిశ్రమం తయారవడాన్ని భౌతిక మార్పు అనడం ఆ గీత మీద నిలబడ్డ మాట, అయాన్లు విడిపోలేదని కాదు.

ల్యాబ్_కోటు:
మాస్టారూ నమస్కారం, చాలా బాగా చెప్పారు, కానీ కథలో ఒక ముక్క వదిలేశారు. బెర్తొలే పూర్తిగా ఓడిపోలేదు. ఇనుము ఆక్సైడుల్లో వుస్టైట్ అని ఉంది, ఇనుమూ ఆక్సిజనూ ఒకటికొకటి ఉండాలి, కానీ ఇనుము ఎప్పుడూ తక్కువే, 0.95 దగ్గర, అదీ స్థిరంగా ఉండదు. అలాంటి వాటికి ఆయన పేరు మీదే బెర్తొలైడులు అని పేరు పెట్టారు. కాబట్టి ఆ గీత కూడా సుద్దముక్కతో గీసిందే.

పాత_పలక:
నిజమే బాబూ. అది కూడా ఏడో క్లాసులో చెప్పమంటావా?

బంగారు_బాబు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా షాపులో ఒకావిడ బంగారం మూలకం కదా మరి మూలకంలో రాగి ఎందుకు కలుపుతారని నిలదీసింది. 916 అంటే 1000 పాళ్ళల్లో 916 బంగారం, మిగతాది రాగీ వెండీ, మిశ్రమం అమ్మా అంటే అయితే మిశ్రమం రేటు వెయ్యండి అంది 😂

గుడ్డు_ప్రేమికుడు:
ఉడికించిన గుడ్డు? ప్రోటీను ముడత విప్పుకుని చిక్కుపడటమే కదా, అణువులు పెద్దగా ముక్కలవ్వవు. అయినా తిరిగి రాదు అంటారు.

ల్యాబ్_కోటు:
2015లో తిరిగి తెచ్చారు బ్రో. గుడ్డు మొత్తం కాదు, ఉడికిన తెల్లసొనలోని ఒక ప్రోటీనుని. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్విన్ వాళ్ళూ ఆస్ట్రేలియా వాళ్ళూ కలిసి. ముందు తెల్లసొనని కరిగించడానికి ఏం వాడారో చెప్తే కౌలు_రైతు అన్న నవ్వుతాడు: యూరియా. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు.

కౌలు_రైతు:
బస్తా దొరక్క మేం లైన్లో నించుంటే వీళ్ళు గుడ్లకి వేస్తన్నారా

ఒంగోలు_నాన్న:
అందరికీ థాంక్స్, ఇన్ని రిప్లైలు అనుకోలేదు. మాస్టారి పోస్టు ఇంట్లో చదివి వినిపించా, మా అబ్బాయి ల్యాబ్_కోటు గారిది మళ్ళీ మళ్ళీ చదివించాడు. మార్కుల గురించి టీచర్‌ని కలిశాం. మార్కులు మార్చనన్నారు, ఈ క్లాసుకి పుస్తకంలో ఉన్నదే రాయాలన్నారు, కానీ కారణం ఎవరు చెప్పారని అడిగి పాపతో ఒక పది నిమిషాలు మాట్లాడారు.

ఇంకో విషయం. అత్తగారు చెప్పిన ఎర్రనీళ్ళు చేశాం. సాయంత్రం సున్నం, నిమ్మకాయ, సున్నం, నిమ్మకాయ, నాలుగు సార్లు అటూ ఇటూ బ్రహ్మాండంగా మారింది. చివర్లో సున్నం వేసి ఎర్రగా ఉన్నప్పుడే పళ్ళెం బాల్కనీలో మర్చిపోయాం. పొద్దున్నే పాప నిమ్మకాయ పిండితే పసుపు రాలేదు, మురికి గోధుమ రంగులో ఏదో వచ్చింది. ఇదేంటి?

ల్యాబ్_కోటు:
పసుపులో రంగునిచ్చేది కర్క్యుమిన్, అది క్షారంలో ఎక్కువసేపు ఉంటే ముక్కలైపోతుంది. సాయంత్రం అది రంగు మార్చుకుంది, రాత్రంతా నానాక అసలు అదే లేదు. ఇంక ఎన్ని నిమ్మకాయలు పిండినా రాదు.

ఒంగోలు_నాన్న:
పాప అడగమంటోంది: సరిగ్గా ఎన్ని గంటలకి అది తిరిగి రానిదైపోయింది అంకుల్, గంటగంటకీ ఒక చెంచా తీసి నిమ్మకాయ పిండి చూస్తే తెలుస్తుందా అని. వాళ్ళమ్మ అయితే ఇంట్లో ఇంక నిమ్మకాయలు లేవంటోంది.