ప్రాపర్టీ: ఆస్తి ఎప్పుడు, ధర్మం ఎప్పుడు?

ప్రశ్న: లోహాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. యంత్రానువాదం "రాగి ఆస్తులు" అని చూపిస్తోంది. తప్పని తెలుస్తూనే ఉంది. మరి గుణాలనాలా, ధర్మాలనాలా, లక్షణాలనాలా? అసలు ఇళ్ళకీ పొలాలకీ వాడే మాటే రాగికి ఎలా అతికింది?

జవాబు: ముందు రెండో ప్రశ్న చూద్దాం. అది తేలితే మొదటిది సులువవుతుంది.

లాటిన్‌లో ప్రోప్రియస్ అంటే 'తనది, తనకే చెందినది'. ప్రాపర్టీ, ప్రాపర్, ప్రొప్రైటర్ అన్నీ ఆ మాట సంతానమే. మనిషికి చెందినది ఇల్లయితే, రాగికి చెందినది విద్యుత్తును బాగా ప్రసరింపజేయడం. చెందడమే అసలు అర్థం. ఎవరికి చెందిందన్న దాన్నిబట్టి తెలుగులో మాట మారుతుంది, ఇంగ్లీషులో మారదు. తెలుగు వాక్యం మాత్రం రెండిటికీ ఒకటే, గమనించారా? "నాకు ఇల్లు ఉంది" అన్నట్టే "రాగికి సాగే గుణం ఉంది" అంటాం.

మన 'ఆస్తి' వేరే దారిలో వచ్చింది. 'అస్తి' అంటే 'ఉన్నది'. ఆస్తికుడు, నాస్తికుడు కూడా అక్కడివే. ఆస్తిపరుణ్ణి 'ఉన్నవాడు' అనీ, ఏమీ లేనివాణ్ణి 'లేనివాడు' అనీ అనడం మనకి అలవాటే. ప్రోప్రియస్‌కి నిజంగా దగ్గరైనది సంస్కృతంలోని 'స్వ'. తాను, తనది, జ్ఞాతి (అంటే దాయాది), ధనం, ఇన్ని అర్థాలు దానికి. అందుకే సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దానికోసం ప్రత్యేకంగా ఒక సూత్రం (అష్టాధ్యాయి 1.1.35) పెట్టి, జ్ఞాతి, ధనం అనే అర్థాల్లో దాన్ని సర్వనామంగా లెక్కించకూడదన్నాడు. 'స్వభావం' ఈ 'స్వ'తోనే మొదలవుతుంది. మన 'సొమ్ము' ఈ 'స్వమ్' వికృతే. అంటే ఇంగ్లీషు ప్రాపర్టీలోని రెండు అర్థాలూ 'స్వ' చుట్టూ కూడా పెరిగాయి. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం.

సొమ్ము గురించి ఇంకొంచెం. డబ్బూ సొమ్మే, నగలూ సొమ్ములే, ఉత్తరాంధ్ర మాటల్లో పశువులూ సొమ్ములే. లాటిన్ పెకూస్ అంటే పశువులు. దాన్నుంచే డబ్బుకి పెకూనియా, సొంత ఆస్తికి పెకూలియం అన్న మాటలు వచ్చాయి. పెకూలియం నుంచి వచ్చిందే ఇంగ్లీషు పెక్యూలియర్: ఒకరికే చెందినది, ఇతరులకు లేనిది, ఆ తర్వాత వింతైనది. పశువుతో మొదలై, ఆస్తి మీదుగా, ప్రత్యేక గుణం దాకా వచ్చిందన్నమాట.

ఇక మీ వ్యాసం సంగతి. సాంద్రత, ద్రవీభవన స్థానం, వాహకత వంటివాటికి 'ధర్మాలు' వాడండి. పాఠ్యపుస్తకాల్లో భౌతిక ధర్మాలు, రసాయన ధర్మాలు స్థిరపడిపోయాయి. గణితంలోనూ స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం అనే అంటాం. ధర్మానికి మూలమైన 'ధృ' ధాతువుకి ధరించడమని అర్థం. తర్కంలో గుణాన్ని ధరించేది ధర్మి, దానిలో ఉండేది ధర్మం. కాబట్టి సైన్సువాళ్ళు ఈ మాటని తీసుకోవడంలో అన్యాయమేమీ లేదు. ఔషధాల విషయంలో మాత్రం 'గుణాలు' బాగుంటుంది. 'ఔషధ ధర్మాలు' అంటే చెవికి ఆనదు.

'లక్షణాలు' దగ్గర జాగ్రత్త. జబ్బు గురించైతే అవి రోగి చెప్పుకునే బాధలవుతాయి. శాస్త్రంలో లక్షణమంటే ఒకదాన్ని మిగతావాటినుంచి విడదీసే గుర్తు. ఆవుకి గంగడోలు ఉదాహరణగా చెబుతారు. దాన్ని అసాధారణ ధర్మం అంటారు. అరిస్టాటిల్ కూడా ఒక జాతికే సొంతమైన ధర్మాన్ని విడిగా చెప్పాడు. మనిషి విషయంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ వ్యాకరణం నేర్చుకోగలగడం! అయితే ఆయన దాన్ని నిర్వచనంగా ఒప్పుకోలేదు. మన తార్కికులకు అసాధారణ ధర్మమే లక్షణం.

మరో సభ్యురాలు: మరి కంప్యూటర్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ప్రాపర్టీస్? నాటకాలవాళ్ళు ప్రాపర్టీస్ అనే వస్తువులు?

జవాబు: ఆ విండో తెరిచి చూడండి. సైజు, ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎప్పుడు తయారైంది, ఇవే ఉంటాయి. ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి మారిస్తే వీటిలో ఒకటి మారిపోతుంది. ఇవి గుణాలు కావు, ధర్మాలు కావు, 'వివరాలు'. నేనైతే నిస్సంకోచంగా అదే రాస్తాను. ప్రోగ్రాం రాసేవాళ్ళు మాట్లాడుకునే ప్రాపర్టీని మాత్రం అలాగే ఉంచేయడం మేలు, వాళ్ళ నోట నలిగిన మాట అదే. నాటకంలో వాడే కత్తులూ కుర్చీలూ నాటక సంస్థ ఆస్తి కాబట్టి ఆ పేరొచ్చింది. తెలుగులో 'రంగస్థల సామగ్రి' అంటే చాలు.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. "రాగి భౌతిక ధర్మాలు" అని మార్చాను. దొంగిలించినదాన్ని ఆస్తి అనొచ్చా?

జవాబు: అనరు. 'చోరీ సొత్తు' అంటారు. 'ఎవరి సొత్తూ కాదు' అన్నచోట కూడా ఆస్తి పెడితే వాక్యం పలచబడిపోతుంది. ఆస్తి ఎంత ఉందో లెక్క చెబుతుంది, సొత్తు అది ఎవరిదో అడుగుతుంది. 'సొమ్మొకడిది సోకొకడిది' సామెతలో సొమ్ము తీసి ఆస్తి పెట్టి చూడండి, తెలుస్తుంది.