నా పాత్రకి వేరే అమ్మాయి గొంతు పెట్టారు. సీరియల్స్‌లో చేస్తూ డబ్బింగ్ కూడా చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తమ్మాయి:

అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు. ఈ మధ్యే మొదటిసారి ఒక డైలీ సీరియల్లో హీరో చెల్లెలి వేషం దొరికింది. ఆరు రోజుల పని. ముందు రోజు రాత్రే సీన్ పేపర్ అడిగి తెచ్చుకుని, డైలాగులన్నీ నోటికి వచ్చేదాకా చదివి, పక్కనుంచి ఎవరూ అందించకుండా, అంటే ప్రాంప్టింగ్ లేకుండా చెప్పాను. డైరెక్టర్ గారు కూడా బాగా చేశావమ్మా అన్నారు.

ఎపిసోడ్ వచ్చిన రోజు ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద నేను నోరు తెరిచాను, ఎవరిదో గొంతు వచ్చింది. నాన్న తల తిప్పి నా వైపు చూశారు, ఏమీ అడగలేదు. అమ్మ కాసేపాగి, "ఆ పసుపు ఓణీ నీకు బాగుందే" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "నీ గొంతు పల్చన, పైగా యాస తెలుస్తోంది. ఇది మామూలే, కొత్తవాళ్లందరికీ చెప్పిస్తాం" అన్నారు. మాది నిజామాబాద్ వైపు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? డబ్బింగ్ నేర్చుకుంటే నా పాత్రకి నేనే చెప్పుకోనిస్తారా? నటన, డబ్బింగ్ రెండూ చేస్తూ బతికినవాళ్లు ఉన్నారా? డబ్బింగ్ చెప్పేవాళ్ల యూనియన్‌లో సభ్యత్వ కార్డు లేకపోతే మైకు దగ్గరికే రానివ్వరంటున్నారు, నిజమేనా?

డబ్బింగ్ పిన్ని:

అమ్మా, ఉన్నాం. నేనున్నాను. 1998 నుంచి ఈ రెండు పనులే నా బతుకు. ఇన్నేళ్లలో తెర మీద నర్సుని, పక్కింటావిడని, పిన్నిని, వదినని, ఇప్పుడు అత్తగారిని. మైకు ముందు మాత్రం మొన్నమొన్నటిదాకా హీరోయిన్‌నే.

నాకు గొంతు మీద ధ్యాస రేడియో వల్ల వచ్చింది. చిన్నప్పుడు ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో పిల్లల కార్యక్రమాలకి వెళ్లేదాన్ని. డిగ్రీలో ఉండగా నాటకాల ఆడిషన్ పాసై బి గ్రేడ్ ఆర్టిస్టునయ్యాను. అక్కడ ఒక పెద్దాయన నాకు మొదట నేర్పింది డైలాగు కాదు, కాగితం తిప్పడం. చప్పుడు కాకుండా పేజీ తిప్పలేకపోతే ఎంత బాగా ఏడ్చినా ఆ టేకు పోయినట్టే. ఈ రోజుకీ స్టూడియో తలుపు దగ్గర గాజులు, పట్టీలు తీసి సంచిలో వేసుకున్నాకే లోపలికి వెళ్తాను. పట్టు చీర, గంజి పెట్టిన చీర కట్టుకోను, కదిలితే గరగరమంటాయి. పొద్దున తప్పకుండా ఏదైనా తింటాను, ఖాళీ కడుపు చేసే చప్పుడు మైకుకి దొరికిపోతుంది కాబట్టి.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాక సీరియళ్లు పెరిగాయి, మాలాంటివాళ్లకి పనీ పెరిగింది. మొదట్లో నన్ను గుంపు గొంతులకి పిలిచేవాళ్లు. పెళ్లిపందిట్లో ఆడవాళ్లు, బస్సులో జనం, ఆసుపత్రి వరండాలో ఏడుపులు. తర్వాత ఒక రోజు రావాల్సినావిడ రాకపోతే, బెంగళూరు నుంచి వచ్చిన ఒక హీరోయిన్‌కి నన్ను చెప్పమన్నారు. ఆ సీరియల్ నాలుగేళ్లు నడిచింది, నాలుగేళ్లూ ఆ అమ్మాయి గొంతుని నేనే.

ఆ అమ్మాయిని నేను కలవకముందే ఆమె ఊపిరి నాకు తెలిసిపోయింది. ఏడ్చే ముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చేది. కోపం వస్తే మాట మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం పెదాలు బిగించేది. ఆ పీల్పుతో పాటు నేనూ పీలిస్తే చాలు, మాట దానంతటదే సరిగ్గా పడేది. మూడో ఏడాది ఒక ఫంక్షన్‌లో ఎవరో మమ్మల్ని కలిపారు. ఆమెకి తెలుగు అంతంతమాత్రం, నాకు కన్నడ అసలు రాదు. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నా మొహం వైపు కాదు, మాట్లాడుతున్న నా నోటి వైపే చూస్తూ ఉండిపోయింది.

నీకు జరిగింది నాకూ జరిగింది, రెండు వైపుల నుంచీ. మొదటిది నీలాగే. నేను నర్సు వేషం వేస్తే వేరే ఆవిడ గొంతు పెట్టారు. రెండోది ఇంకా నొప్పి. మరో సీరియల్లో ఏడాదిన్నర హీరోయిన్‌కి చెప్పాక, ఒక సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ టీవీ పెడితే ఆ పాత్ర ఇంకెవరి గొంతుతోనో మాట్లాడుతోంది. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నటి మారితే "ఇకపై ఈ పాత్రలో ఫలానా" అని తెర మీద వేస్తారు. గొంతు మారితే ఇంట్లో వినేవాళ్లకే కాదు, మాకూ చెప్పరు. అది మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

నీకు ధైర్యం ఇచ్చేవాళ్లు మన దగ్గరే ఉన్నారు. రోజారమణి గారు 1967లో ప్రహ్లాదుడిగా చేసి, పెద్దయ్యాక హీరోయిన్‌గానూ చేసి, ఆ తర్వాత ఎందరో హీరోయిన్లకి గొంతిచ్చారు. 1978లో హీరోయిన్‌గా వచ్చిన సరిత గారు తర్వాత విజయశాంతికి, సౌందర్యకి చెప్పారు. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి విడిగా బహుమతి ఉండేది, అంటే ఇదీ ఒక కళేనని ప్రభుత్వమే ఒప్పుకుంది.

యాస సంగతి. దాన్ని చంపుకోకు, పక్కన ఇంకొకటి నేర్చుకో. మా రోజుల్లో తెలంగాణ మాట వంటమనిషికో, రౌడీకో పెట్టేవాళ్లు. నాకు వినడానికే కష్టంగా ఉండేది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి పాత్రకి, తమిళనాడు నుంచి వచ్చిన సాయి పల్లవి మన యాస నేర్చుకుని తన గొంతుతోనే చెప్పింది. ఆ యాస నీకు పుట్టుకతో వచ్చింది.

సాధన ఇలా చెయ్యి. రోజూ ఒక పేజీ పైకి చదువు. ల, ళ తేడా, న, ణ తేడా తెలిసేలా, ఒత్తులు సరిగ్గా పలికేలా చూసుకో. తర్వాత నీ ఎపిసోడ్‌నే సౌండ్ తీసేసి పెట్టి, నీ నోటికి నువ్వే చెప్పుకో. ప, బ, మ వచ్చే చోట పెదాలు కలుస్తాయి, ముందు అవి పట్టుకుంటే మిగతావి సర్దుకుంటాయి. కార్డు గురించి యూనియన్ ఆఫీసుకి నువ్వే వెళ్లి అడుగు. కార్డు ఇప్పిస్తామని చెప్పే మధ్యవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకు.

ఇంకొకటి అడగాలి. నీ పాత్రకి గొంతిచ్చిన అమ్మాయి పేరు కనుక్కున్నావా?

సౌండ్ రూమ్:

పిన్నిగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నేను రికార్డింగ్ వైపు పనిచేస్తాను. కొత్తమ్మాయీ, నీ గొంతు బాగోలేకే తీసేశారని మాత్రం అనుకోకు.

షూటింగ్ జరిగే చోటే రికార్డయ్యే మాటలు, మేం పైలట్ ట్రాక్ అంటాం, అది సీరియల్స్‌లో చాలావరకు వాడటానికి పనికిరాదు. అద్దె బంగళా, బయట జనరేటర్, పక్కింట్లో కుక్కర్ విజిల్. అన్నిటికన్నా పెద్దది ప్రాంప్టింగ్. నువ్వు డైలాగ్ నేర్చుకుని వచ్చావు, కానీ నీ ఎదురుగా ఉన్న ఆర్టిస్టుకి అసిస్టెంట్ పక్కనుంచి అందిస్తూనే ఉంటాడు కదా. ఆ మాటలు ట్రాక్‌లో పడతాయి. కాబట్టి ఎలాగూ మళ్లీ చెప్పించాల్సిందే. అలవాటున్న ఆర్టిస్ట్ పది నిమిషాల్లో ముగించే సీన్‌కి కొత్తవాళ్లకి గంట పట్టొచ్చు. ఆ రాత్రే టెలికాస్ట్ ఉంటే ఆ గంట మా దగ్గర ఉండదు. "గొంతు పల్చన" అనే మాట చాలాసార్లు దీనికి పెట్టే పేరే.

పాతవాళ్లు చెప్పేవారు, మద్రాసులో లూపుల కాలంలో, అంటే సీన్ ఫిల్మ్ ముక్కని చుట్టలా అతికించి మళ్లీ మళ్లీ తిప్పుతూ డబ్బింగ్ చెప్పించే రోజుల్లో, సీన్‌లో ఉన్న అందరూ ఒకే మైకు ముందు నిలబడి చెప్పేవారట, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లది, ఒక్క మాట తప్పితే ఆ ఒక్క మాటే మారుస్తాం. నేర్చుకోవడానికి ఇది చాలా మంచి కాలం. ఎపిసోడ్‌కి ఒక రోజు ముందే వచ్చి చెబుతానని డైరెక్టర్‌ని అడిగి చూడు.

సీరియల్ అభిమాని:

నాకు ఈ పని గురించి ఏమీ తెలీదు కానీ ఒకటి చెప్పాలనిపించింది. మా అమ్మకి షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. సీరియల్ ఇప్పుడు వింటుంది, అంతే. పోయినేడాది ఒక కోడలి పాత్రకి గొంతు మారితే, "ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లిపోయిందా? ఈ కొత్తావిడ ఎవరు?" అని అడిగింది. అదే పిల్ల అమ్మా అంటే వారం రోజులు నమ్మలేదు. పిన్నిగారూ, ఆ పాత గొంతు మీదేనేమో నాకు తెలీదు. మీదైతే, మా అమ్మ మిమ్మల్ని అడిగింది.

డబ్బింగ్ పిన్ని:

నాది కాదమ్మా, కానీ మీ మాట ఆ అమ్మాయికి చేరేలా చూస్తాను. సీరియల్ పేరు నాకు విడిగా పంపండి. మేం నలుగురైదుగురం ఉంటాం, ఎవరు ఏది చెబుతున్నారో ఒకళ్లకొకళ్లకి తెలుసు.

కొత్తమ్మాయి:

పిన్నీ, మీరు అడిగినప్పటి నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. ఇన్ని రోజులు ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకున్నానే కానీ పేరు అడగాలని తోచలేదు. మేనేజర్‌కి తెలీదన్నారు. డబ్బింగ్ స్టూడియోకే ఫోన్ చేస్తే నంబర్ ఇచ్చారు.

నాకన్నా నాలుగేళ్లు చిన్నది. ఫోన్ ఎత్తగానే "అన్నయ్యా అనేటప్పుడు మీరు తల పక్కకి తిప్పుతారు కదక్కా, అక్కడ నేనూ మైకు నుంచి తల పక్కకి తిప్పి చెప్పా, సరిపోయిందా?" అని అడిగింది. నేను అలా తిప్పుతానని నాకే తెలీదు. ఎపిసోడ్ మళ్లీ పెట్టి చూశాను. నిజమే, రెండుసార్లు తిప్పాను, రెండుసార్లూ గొంతు కాస్త దూరం జరిగింది.

నాకు ఇంకో నాలుగు సీన్లు ఉన్నాయి. వాటికి ఒక రోజు ముందే వస్తానంటే డైరెక్టర్ గారు చూద్దాం అన్నారు. శుక్రవారం ఆ అమ్మాయి చెబుతుంటే పక్కన కూర్చుని చూడమంది. మీరు చెప్పిన పేజీ రోజూ చదువుతున్నాను పిన్నీ, 'ళ' ఇంకా నాలుక తిరగట్లేదు. శుక్రవారానికి నూలు చుడీదార్ ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.