వేదిక మీద అన్న మాటకు వాక్‌స్వాతంత్ర్యం అడ్డుగోడ అవుతుందా?

ప్రశ్న (ఉప్పల్, పోటీల నిర్వాహకుడు):
మేము కొందరం కలిసి ఏటా ఎండాకాలం సెలవుల్లో పదహారేళ్ల లోపు పిల్లలకు క్రికెట్ పోటీలు జరుపుతుంటాం. ఈసారి బహుమతులివ్వడానికి వచ్చిన ఒక మాజీ రంజీ ఆటగాడు మైకు అందుకుని, "కొన్ని బస్తీల పిల్లలకు ఆట వస్తుంది గానీ క్రమశిక్షణ రాదు, అది రక్తంలో ఉండాలి" అన్నారు. ఉత్తమ బౌలర్ కప్పు అందుకున్న పిల్లవాడు అలాంటి బస్తీ నుంచే వచ్చాడు. ఆ మాట అన్నప్పుడు ఫొటో కోసం ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. కొందరు నవ్వారు కూడా. వేదిక మీదున్న మేం ఐదుగురం శాలువాలు సర్దుకుంటూ కూర్చున్నాం. ఇక ఆయనను పిలవవద్దని, ఆ మాటను తప్పుబడుతూ ఉత్తరం రాయాలని మాలో సగం మంది అంటుంటే, ఆయనకూ వాక్‌స్వాతంత్ర్యం ఉంది కదా అని మిగిలినవారు అడ్డుపడుతున్నారు. వారికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

జవాబు 1 (న్యాయవాది):
రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ఇచ్చిన ఈ హక్కు ప్రధానంగా ప్రభుత్వం నోరు నొక్కకుండా కాపాడేది. ప్రభుత్వం ఏయే కారణాలతో పరిమితులు పెట్టవచ్చో 19(2) చెబుతుంది. ఈ హక్కును ప్రైవేటు వ్యక్తుల మీద కూడా కోరవచ్చని 2023లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పిన మాట నిజమే గానీ, అంతమాత్రాన ముఖ్య అతిథి కుర్చీ ఎవరికీ ప్రాథమిక హక్కు అయిపోదు. మీరు రాసే ఉత్తరం మీ వాక్‌స్వాతంత్ర్యం.

క్రికెట్ బోర్డు సంగతి ఇంత తేలిక కాదు. బోర్డు ప్రజావిధులు నిర్వర్తిస్తోంది కనుక హైకోర్టుల రిట్ పరిధిలోకి వస్తుందని, అంటే దాని నిర్ణయాలను నేరుగా అక్కడ ప్రశ్నించవచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో స్త్రీల గురించి చేసిన వ్యాఖ్యలకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లను ఆస్ట్రేలియా పర్యటన నుంచి వెనక్కి పిలిపించి సస్పెండ్ చేశారు. ఆ నెలలోనే సస్పెన్షన్ ఎత్తేసినా, విచారణ తరువాత ఏప్రిల్‌లో బోర్డు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) ఒక్కొక్కరికీ 20 లక్షల జరిమానా వేశారు. అందులో సగం విధి నిర్వహణలో మరణించిన పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు, మిగతా సగం అంధుల క్రికెట్‌కు వెళ్లింది.

జవాబు 2 (సికింద్రాబాద్, లీగ్ మ్యాచ్‌లు ఆడినవాడిని):
చట్టం సరే, మన మైదానాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ, తాను సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను "కాలూ" (హిందీలో నల్లోడు) అని పిలిచేవారని, ఆ మాటకు బలమైన గుర్రమనో ఏదో అర్థమని అనుకున్నానని బయటపెట్టారు. తరువాత అలా పిలిచినవారిలో ఒకరితో మాట్లాడానని, అది ప్రేమతో అన్నదేనని తేలిందని కూడా ఆయనే చెప్పారు. అది చదివినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నేనూ మా ఫాస్ట్ బౌలర్‌ను పదేళ్లపాటు "నల్లోడా" అనే పిలిచాను, వాడు నవ్వుతుండేవాడు, ఆ నవ్వు వెనక ఏముందో నేనెప్పుడూ అడగలేదు. కాబట్టి ఉత్తరానికి ముందు ఒకసారి ఆ పెద్దమనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

జవాబు 3:
పై అన్నగారితో నాకు పేచీ ఉంది. సామీ విషయంలో మాట పడ్డవాడే మాట్లాడటానికి ముందుకొచ్చాడు. ఇక్కడ మాట పడ్డది ఒక పిల్లవాడు, వాడిని ఎవరూ ఏమీ అడగలేదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో ప్రేక్షకులు దూషించినప్పుడు మన సిరాజ్ కెప్టెన్ రహానేకు చెప్పాడు, అంపైర్లు ఆట ఆపారు, కొందరు ప్రేక్షకులను బయటికి పంపారు. అంతా అక్కడికక్కడే జరిగింది. మీ మైదానంలో మైకు మీ చేతికి అందేంత దూరంలో ఉంది, వాక్‌స్వాతంత్ర్యం మీ ఐదుగురికీ ఉంది. దాన్ని మీరు ఆరోజు వాడుకోలేదు. అతిథిని ఏం చేయాలన్నది నాకు రెండో ప్రశ్నగానే కనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవాడిని:
చివరి జవాబు చదివి ఒక రోజంతా ఏమీ రాయలేకపోయాను. ఉత్తరం రాస్తాం, ఆయన చెప్పేది కూడా వింటాం. అంతకంటే ముందు, ఈ ఆదివారం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్తున్నాను. మా ఐదుగురిలో ఇద్దరే వస్తామన్నారు.